గంట క్లాసు అరగంటలో

అతను క్లాసుకి వెళ్ళడం ఎప్పుడో మానేశాడు. రూమ్మేట్ ఫోన్‌లో పాఠం రికార్డు చేసి పంపిస్తాడు. ఇతగాడు మధ్యాహ్నం మంచం మీద వెల్లకిలా పడుకుని రెండింతల స్పీడులో వింటాడు. గంట క్లాసు అరగంటలో ఖతం. మార్కులకీ లోటు లేదు. సివిల్ ఇంజనీరింగ్‌ని ఇంత సుఖంగా చదివినవాడు ఇంకొకడు లేడని అతని ధీమా.

ఆ ధీమాకి గండి కొట్టింది ఒక అమ్మాయి గొంతు. ప్రతి పాఠంలోనూ గడగడా ఒక ప్రశ్న వేస్తుంది. ‘ఎవరీ వసపిట్ట?’ అని నవ్వుకునేవాడు. కానీ ఆర్చి, అంటే కమాను, పాఠంలో మేష్టారు “ఇద్దరు ముందుకి రండి” అన్నాక కాసేపు మాటల్లేవు. ఉన్నట్టుండి ఆ గొంతు “పడిపోతున్నా సార్!” అంది. క్లాసంతా గొల్లుమంది.

“అక్కడ ఏం జరిగిందిరా?” అని రూమ్మేట్‌ని అడిగాడు.

“చెప్తే నవ్వు రాదు. చూడాలి.”

“ఆ అమ్మాయి ఎవరు?”

“వచ్చి చూసుకో. నేనేమైనా పెళ్ళిళ్ళ పేరయ్యనా?”

ఇక మనసు ఊరుకోలేదు. మర్నాడు వానలో తడుస్తూ మరీ క్లాసుకి వెళ్ళాడు. వసపిట్ట కోసం గదంతా గాలించాడు. గడగడా మాట్లాడేవాళ్ళెవరూ లేరు. పక్క బెంచీలో అమ్మాయి మాత్రం నిదానంగా లేచింది.

“సార్... ఆ స్తంభం... వంగకముందే... మనకెలా తెలుస్తుంది?”

అదే గొంతు! కాకపోతే తీరిగ్గా నడిచొస్తోంది.

క్లాసు అవగానే ఎదురెళ్ళాడు. “మీరింత మెల్లగా మాట్లాడతారా!”

“నా గొంతు మీకెలా తెలుసు?”

“రోజూ వింటానండీ, రెండింతల స్పీడులో.” అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆమె మొహం ఎర్రబడింది. “ఒక్కో ప్రశ్న కోసం నేను రాత్రంతా ఆలోచిస్తాను. మీరు గబగబా తోసేస్తారన్నమాట. సంతోషం.”

“పోనీ, ఆర్చి రోజు ఏమైందో చెప్పండి.”

“చెప్పను. రావాల్సింది.” గొడుగు విప్పి చక్కా పోయింది.

అతనికి ఆ పూట తిండి సయించలేదు. ఆమెతో ఎలాగైనా మాట కలపాలి, అదే ధ్యాస. రోజూ క్లాసుకి వచ్చాడు. అడిగే ముందు ఆమె గోరు కొరుకుతుందనీ, జవాబు దొరికితే కళ్ళు మూసుకుని తలూపుతుందనీ అతనికి అప్పుడే తెలిసింది. ఆమె మాత్రం కన్నెత్తి చూడలేదు.

చివరికి తెగించి చెయ్యెత్తాడు. “సార్, ఆర్చి ఎందుకు పడిపోదు? నాకు నిజంగా అర్థం కాలేదు.”

“ఆ రోజు రాలేదా? సరే, ఎవరైనా ఇతనికి చూపించండి,” అన్నారు మేష్టారు.

ఎవరూ కదల్లేదు. ఆమే లేచి వచ్చింది.

“ఎదురెదురుగా నిలబడి అరచేతులు ఆనించండి. ఇప్పుడు పాదాలు వెనక్కి... ఇంకా...”

ఇద్దరూ ఒకరి మీదికొకరు వాలారు.

“ఆ రోజు నాకెదురుగా నిలబడ్డ మీ రూమ్మేట్ తుమ్మాడు. అందుకే పడ్డాను,” ఆమె గుసగుసగా అంది.

“నేను తుమ్మను,” అన్నాడతను. “మీరంటే నాకు చాలా ఇష్టం.”

“ఇప్పుడా... చెప్పేది?” ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. “రేపూ క్లాసుకి వస్తావా?”

‘నువ్వు’లోకి దిగింది! అతనికి ఒళ్ళు పులకరించింది. “రాకపోతే?”

“ఇప్పుడు చెయ్యి తీస్తే ఎవరు పడతారు?”

“ఇద్దరం.”

“అర్థమైందన్నమాట,” అంది. చెయ్యి మాత్రం తీయలేదు.