పగుల్లోంచి తీసిన పిల్లి

మాది ముసునూరు అవతల మామిడితోటలో పెంకుటిల్లు. ఎనభై ఆరు మే నెల, కాయ కోత అయిపోవచ్చిన రోజులు. మధ్యగదిలో వరిగడ్డి పరిచి చిన్న రసాలు మాగేశాం. ఆ తియ్యటి వాసన ఇల్లంతా కమ్ముకుని ఉండేది. ఇంట్లో నేను, మా ఆయన బసవపున్నారావు, మా అత్తగారు. ఇంకా కుక్క టైగరు, పిల్లి బుజ్జి. రెండూ ఒకే గోనెపట్టా మీద పడుకునేవి.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి ఇల్లు చీకటయింది. కరెంటు లేదు. టైగరు అన్నం ముట్టలేదు. మధ్యగది గడప దగ్గర నిలబడి నేలకేసి గుర్రుమంటోంది. బుజ్జి గడ్డిలో దూరి ఎంత పిలిచినా రాలేదు. తోటలో ఒక్క పిట్ట కూడా అరవడం లేదు.

ముందు గిన్నెలు గలగలలాడాయి. తర్వాత కాళ్ల కింద పెద్ద బండేదో దొర్లినట్టయింది. పైనుంచి పెంకులు జారిపడుతున్నాయి. మా అత్తగారి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాను.

"పిల్లి లోపలే ఉండిపోయింది," అంటూ మా ఆయన వెనక్కి పరిగెత్తారు. ఆయన వెనకాలే నేనూ వెళ్లాను.

మధ్యగదిలో నాపరాళ్లు విడిపోయి జానెడు పగులు. అందులోంచి చల్లటి గాలి, తడిమట్టి వాసన. గడ్డీ కాయలతోపాటు బుజ్జి కూడా లోపలికి జారిపోయింది. ఆయన బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టారు.

"దొరికింది," అన్నారు. వెంటనే గొంతు మారింది. "రాజ్యం... ఏదో నా చెయ్యి పట్టుకుంది."

"వదిలేసి వచ్చెయ్యండి!"

"లాగుతోంది... లోపలికి లాగుతోంది..."

నేల మళ్లీ కదిలింది. పగులు మూసుకొస్తోంది. ఆయన నడుం పట్టుకుని లాగాను. చెయ్యి బయటికొచ్చింది. చేతిలో బుజ్జి. దాని ఒంటిమీద మట్టి లేదు. ఆయన చేతిమీద ఒక్క గీత లేదు.

"దెబ్బ తగిలిందా అండీ?"

ఆయన నవ్వారు. "ఎవరికి?"

టైగరు పళ్లు బయటపెట్టి ఆయన మీదికి దూకింది. ఆయన ఒంటిచేత్తో దాని మెడ పట్టుకుని ఎత్తి గోడకేసి కొట్టారు. అది కుంటుకుంటూ తోటలోకి పోయింది. మళ్లీ రాలేదు.

"ఆ పిల్లిని బయట వదిలెయ్యరా నాయనా," అని గొణిగారు మా అత్తగారు. ఆయన ఆవిడకేసి చూశారు. అంతే. ఆ సాయంత్రమే ఆవిడ విస్సన్నపేటలో తమ్ముడింటికి వెళ్లిపోయారు. నన్నూ రమ్మన్నారు. ఆయన్ని ఒంటరిగా వదల్లేక ఉండిపోయాను.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ సువర్ణరాజు సిమెంటుతో వచ్చాడు. నేలమీద వేలు పట్టేంత సందు మిగిలింది. తాపీ పెట్టబోయి ఆగిపోయాడు.

"అమ్మగారూ... కింద పిల్లి అరుస్తోందండీ."

వంగి విన్నాను. సన్నగా... ఆగి ఆగి... బుజ్జి గొంతే.

తలెత్తాను. ఎదురుగా కుర్చీలో మా ఆయన. ఒళ్లో బుజ్జి.

"త్వరగా పూడ్చెయ్, మేస్త్రీ," అన్నారు, దాని తల నిమురుతూ. "ఇవాళింకా పిల్లి ఒక్కటే అరుస్తోంది."