సీలు వేసిన షట్టరు

"పోనీ అన్నా! ఇంకా స్పీడుగా పోనీ!"

పోలీసు బైకు గుంటలో ఎగిరి పడుతుంది. వెనక కూర్చున్న అక్క కానిస్టేబుల్ భుజాన్ని గట్టిగా పట్టుకుంటుంది.

ముందు... తెల్ల వ్యాన్!

వెనక తలుపు సగం ఊడి కొట్టుకుంటోంది. లోపల నీళ్ళ క్యాన్లు కనిపిస్తున్నాయి. పేరుకే నీళ్ళ క్యాన్లు!

సాయంత్రం ఆ వ్యాన్ దగ్గర తాగినవాళ్ళలో ఇద్దరు పోయారు. మిగతావాళ్ళు ఆస్పత్రిలో కళ్ళు కనబడటం లేదని ఏడుస్తున్నారు. రంగుల ఫ్యాక్టరీలో వాడే స్పిరిట్ కలిపారట. ఇప్పుడా క్యాన్లు ఇటుక బట్టీల వైపు పోతున్నాయి. అక్కడ పని దిగినవాళ్ళంతా గ్లాసులు పట్టుకుని ఎదురు చూస్తుంటారు.

ఆపాలి. ఎలాగైనా ఆపాలి!

అక్క అన్నది ఆమె పేరు కాదు. బట్టల ఫ్యాక్టరీలో ఆమెతో పాటు మిషన్ తొక్కేవాళ్ళ నుంచి కూరగాయల బండివాడి దాకా అందరికీ ఆమె అక్కే. మొగుణ్ణి తాగుడు మింగేశాక ఆడవాళ్ళని పోగేసి, చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి, కాలనీలో ఉన్న ఒక్క బ్రాందీ షాపునీ మూయించింది. ఆ రోజు ఆమెని భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు.

షాపైతే మూతపడింది. తాగేవాళ్ళు మాత్రం మానలేదు. ఈ వ్యాన్ మొదలైంది.

"వీడికేమైనా పిచ్చా అమ్మా?" కానిస్టేబుల్ అరుస్తాడు.

నిజమే. వ్యాన్ తిన్నగా పోవడం లేదు. ఖాళీ రోడ్డు మీద ఉన్నట్టుండి బ్రేకు వేస్తుంది. మళ్ళీ దూకుతుంది. రాంగ్ సైడుకి పోతుంది...

"పీకల్దాకా తాగుంటాడు వెధవ! దొరకనీ, చెంప పగలగొడతాను!"

మలుపు వచ్చింది. వ్యాన్ తిరగలేదు.

ధడేల్!

గోడౌన్ గోడకి గుద్దుకుని ఆగిపోయింది.

అక్క బైకు ఆగకముందే దూకేసింది. తలుపు లాగింది. డ్రైవర్ కాలర్ పట్టుకుంది. చెయ్యెత్తింది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

తమ్ముడు!

డెయిరీలో పాల వ్యాన్ నడుపుతున్నానని చెప్పిన తమ్ముడు. అమ్మ పోయాక తను అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచిన తమ్ముడు.

పెద్ద దెబ్బలేం లేవు. కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తున్నాడు. ఆమె వైపు కాదు... ఆమె పక్కకి.

"ఎవరు? అక్కా... నువ్వేనా?"

"నేనేరా."

"లైట్లన్నీ ఎవరార్పేశారక్కా?"

నెత్తి మీద వీధి దీపం భగభగా వెలుగుతోంది. 

"నువ్వూ తాగావా?"

"తాగకపోతే ఎవరూ కొనరక్కా. ముందు నువ్వు తాగి చూపించరా అంటారు. ఆగిన ప్రతిచోటా ఒక గ్లాసు... మంచి సరుకే అన్నాడు ఇచ్చినవాడు. నాకు తెలీదక్కా! నీ మీద ఒట్టు!"

కానిస్టేబుల్ అప్పటికే స్టేషన్‌కి ఫోన్ కొట్టి, గోడౌన్ వాచ్‌మన్‌ని వ్యాన్‌కి కాపలా పెట్టాడు. ఇద్దరి మధ్యా తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని బైకు తిప్పారు.

ఆస్పత్రి వరండా నిండా మనుషులు. డాక్టరమ్మ తమ్ముడి కళ్ళలోకి టార్చి వేసి చూసి, అక్కని పక్కకి లాగింది.

"దీనికి ఇంజెక్షన్ ఉంది. ఉన్నవన్నీ ముందొచ్చినవాళ్ళకి వాడేశాను. మళ్ళీ రావాలంటే పొద్దున అవుతుంది."

"అప్పటిదాకా?"

"అసలైన బ్రాందీ కావాలి. సీలు తియ్యనిది. లోపలికి పోయిన స్పిరిట్ విషంగా మారకుండా అదే అడ్డుకుంటుంది. ట్యూబు వేసి నేనే కొలత ప్రకారం ఎక్కిస్తాను. తొందరగా తీసుకురండి!"

అక్క గేటు వైపు రెండడుగులు వేసి ఆగింది. ఎక్కడ్నుంచి తేవాలి?

కాలనీలో ఏ ఇంట్లో చుక్క దొరికినా పట్టుకుని మోరీలో పోయించింది తనే. ఇంకో షాపుకి వెళ్ళాలంటే ఏరు దాటి అవతలి ఊరికి పోవాలి, ఈపాటికి అదీ మూసేసుంటారు.

ఉన్నదల్లా ఒక్కటే చోటు. సీలు వేసిన షాపు. సరుకంతా లోపలే ఉంచి సీలు వేశారని ఆమెకి తెలుసు.

"అన్నా... షాపు దగ్గరికి!"

షట్టరు ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో ముగ్గురు ఆడవాళ్ళు. దొంగచాటుగా మళ్ళీ తెరుస్తారేమోనని వంతులేసుకుని కాపలా కాస్తారు. ఈ పద్ధతి పెట్టింది కూడా అక్కే. మధ్యలో కూర్చుంది కాలనీ అంతా పెద్దమ్మ అని పిలిచే పెద్దావిడ. ఒళ్ళో కర్ర.

"తాళం పగలగొట్టాలి పెద్దమ్మా! ఒక్క సీసా కావాలి. తమ్ముడు చచ్చిపోతున్నాడు. డాక్టరే తెమ్మంది!"

పెద్దమ్మ లేచింది. కర్ర అడ్డం పెట్టింది.

"డాక్టర్ తెమ్మందా? రోజుకొకడు ఈ కథే చెప్తున్నాడే తల్లీ! ఎవరొచ్చి ఏం చెప్పినా నమ్మొద్దు, నేనే వచ్చి ఏడ్చినా తియ్యొద్దు అన్నదెవరు? నువ్వు కాదూ?"

అవును. మైకులో అన్నది. అందరూ చప్పట్లు కొట్టారు.

అక్క ఆమె కాళ్ళ మీద పడిపోయింది. "పెద్దమ్మా... నీ కాళ్ళు పట్టుకుంటాను..."

"మా ఆయనా ఇలాగే పట్టుకున్నాడే. తాగడానికి పోకుండా గదిలో పెట్టి తాళం వేసినదాన్ని, జాలిపడి తీశాను. తెల్లారేసరికి శవమై వచ్చాడు." కర్ర మాత్రం కదల్లేదు.

కానిస్టేబుల్ చూసి చూసి బైకు డిక్కీలోంచి ఇనుప రాడ్ తీశాడు.

"సీలు పగలగొడితే నా ఉద్యోగం ఊడుతుంది. ఊడనీ! జరగండమ్మా!"

ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. తాళం ఊడింది. ఇద్దరు ఆడవాళ్ళు చొక్కా పట్టుకుని లాగుతున్నా ఆగలేదు. షట్టరు పైకి తోసేశాడు.

ఘాటు వాసన గుప్పుమంది.

అక్క ఫోన్ టార్చి వేసింది.

అలమరాలు ఖాళీ. నేలంతా గాజు పెంకులు!

"ఏంటిది... పెద్దమ్మా?"

పెద్దమ్మ కర్ర జారి పడింది. "రేపు సీలు వేస్తారనగా ఆ రాత్రి పగలగొట్టేశామే. అన్నీ! నువ్వు సంతోషిస్తావనుకున్నాం. ఆఫీసర్లు లోపలికి తొంగి కూడా చూడలేదు. కేసవుతుందని ఎవరికీ చెప్పలేదు... ఈ పోలీసాయన ముందు ఎలా చెప్పను?"

అక్కకి కోపం కూడా రాలేదు. ఏడుపూ రాలేదు. వంగి పెంకుల్లో చెయ్యి పెట్టింది. ఏదో ఒకటి... ఒక్కటి... పగలనిది!

పెద్దమ్మ ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూలబడింది. తర్వాత మిగతా ఇద్దరూ. నవ్వుకుంటూ పగలగొట్టిన చేతులే ఇప్పుడు గాజు పెంకులు పక్కకి తోస్తున్నాయి. వేళ్ళు తెగుతున్నాయి. ఎవరూ ఆపలేదు.

"ఇదిగో!"

అలమరా కిందికి దొర్లిపోయిన సీసా. చిన్నది. మూత సీలు అలాగే ఉంది. పెద్దమ్మ రక్తపు చేతులతో పైకెత్తింది.

అక్క లాక్కుంది. బయటికి పరుగెత్తింది. ఫోన్ మోగింది.

"దొరికింది డాక్టరమ్మా! వచ్చేస్తున్నా!"

అవతల వరండాలో ఎవరో ఏడుస్తున్న చప్పుడు.

"డాక్టరమ్మా?"

"అమ్మా... మీ తమ్ముడు ఇప్పుడే పోయాడు."

రోడ్డు మీద ఏదో లారీ పోయింది. అది పూర్తిగా దూరమయ్యేదాకా అక్క అలాగే నిలబడింది.

"వింటున్నారా? ఆ సీసా మాత్రం ఆపకండి! ఇప్పుడే ఇంకొక కుర్రాణ్ణి తెచ్చారు. సాయంత్రం అదే వ్యాన్ దగ్గర తాగాడట. ఇంకా చూపుంది, బతికించొచ్చు. పెద్దమ్మ చిన్నకొడుకునంటున్నాడు. అమ్మకి చెప్పొద్దని ఒకటే ఏడుపు..."

ఫోన్ చెవి దగ్గరే ఉంది. అక్క నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

పెద్దమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వస్తోంది.

"ఏమందే డాక్టరు? తమ్ముడెలా ఉన్నాడు?"

ఆ కర్ర అడ్డం పెట్టకపోయుంటే... అన్న మాట అక్క నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఎవరొచ్చినా తియ్యొద్దని మైకులో అన్నది తను కదా.

సీసాని పెద్దమ్మ చేతుల్లో పెట్టింది.

"బండెక్కు పెద్దమ్మా. దీన్ని ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకో. డాక్టరమ్మ చేతికే ఇవ్వు. అన్నా, ఎక్కడా ఆగకు!"

కానిస్టేబుల్‌కి ఆమె మొహం చూడగానే అర్థమైంది. కిక్ కొట్టాడు.

"నేనెందుకే? మీ తమ్ముడి దగ్గరికి నువ్వు పోవాలి గానీ! నువ్వు రావూ?"

"మీరు పదండి. నేను నడిచి వస్తాను." అక్క కుర్చీ పట్టుకుని కూర్చుంది. "నాకిక తొందరేం లేదు పెద్దమ్మా."