పెట్టెకు తగిలించిన టోపీ

"మా ఆయన కరెంటు ఆపకుండా స్తంభం ఎక్కే మనిషి కాదు సార్!" అంది లైన్‌మన్ భార్య. పక్కన తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. అతను వీధిదీపాల కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్.

డిటెక్టివ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఆఫీసువాళ్లేమంటున్నారు?"

"ఆయన నిర్లక్ష్యమేనని రాసేశారు. ఇరవై ఏళ్ల చాకిరీకి ఆ మాట మిగిలింది. నాన్న ఎలా పోయాడని రేపు నా కూతురు అడిగితే అదే చెప్పనా?"

"ఊరుకో అక్కా, తప్పు బావదేననుకో. మూడూ పదికి పోయిన బావ, ఇప్పుడు ఏం చేసినా తిరిగొస్తాడా?" అన్నాడు తమ్ముడు.

డిటెక్టివ్ సహాయకురాలు పొల్లుపోకుండా రాసుకుంది. ఆయన అడగకుండా వదిలేసిన ప్రశ్నలోనే అసలు సంగతి ఉంటుందని ఆమె గట్టి నమ్మకం.

ముసురులోనే ఇద్దరూ ఆ వీధికి వెళ్లారు. స్తంభం దగ్గర ఊడుస్తున్న ముసలమ్మ చీపురు ఆపింది.

"నాలుగింటికి నేనే చూశాను బాబూ. అప్పటికే నిచ్చెన మీద వాలిపోయి ఉన్నాడు. టోపీ ఈ స్విచ్చి పెట్టెకు తగిలించి ఉంటే తీసి ఆయన భార్యకిచ్చాను."

అది పాత లైన్‌మన్ల కట్టుబాటు. కరెంటు ఆపినవాడు పెట్టెకు టోపీ తగిలిస్తాడు. అతను దిగివచ్చి తీసుకునేదాకా ఇంకెవరూ మీట ముట్టుకోరు.

వీధి మలుపు అవతల దర్జీ మిషను ఆపకుండానే చెప్పాడు. "ఆ రోజు బడి చివరి గంట కొడుతుంటే లైట్లన్నీ భగ్గున వెలిగాయండీ. రాత్రిళ్లేమో ఆదా అంటూ గుడ్డివెలుగు, పట్టపగలేమో ఈ సోకు!"

"ఆ గంట ఎన్నింటికి?"

"మూడూ పదికి."

సహాయకురాలి కలం ఆగిపోయింది.

మర్నాడు కంట్రోల్ రూమ్‌లో అక్కాతమ్ముళ్లను, ఇంజనీరును డిటెక్టివ్ కూర్చోబెట్టాడు.

"కొత్త పెట్టెల్లో మీట ఆపినా ఇక్కణ్ణుంచి వెలిగించవచ్చు. ఆ రోజు ఇక్కడికెవరొచ్చారు?"

"ఖర్చు సగానికి ఎలా తగ్గించామో చూడ్డానికి పై అధికారులొచ్చారు. వాళ్లను ఆపరేటర్‌కి అప్పగించి నేను వేరే పని మీద వెళ్లాను. కానీ రికార్డులో లైట్లు వెలిగినట్టు లేదే!" అన్నాడు ఇంజనీరు.

"రికార్డు తుడిచేయవచ్చు, దర్జీ కళ్లను తుడవలేం. లైన్‌మన్‌ను నాలుగింటికి చూశారు. ఎన్నింటికి పోయాడో మీ రిపోర్టులో కూడా లేదు. అయినా నిన్న మీ ఆపరేటర్ నా ఎదుటే మూడూ పది అన్నాడు. అది తెలిసేది ఆ వీధిని వెలిగించినవాడికే."

తమ్ముడు అక్క కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "చూపించమంటే ఒక్క నిమిషం వెలిగించానక్కా! బావ స్తంభం మీదున్నాడని తెలీదు. టోపీ ఈ కంప్యూటర్ తెర మీద కనబడదు కదా! తెలిశాక ఉద్యోగం పోతుందని భయమేసి..."

"ఆ నిమిషాన్ని ఎలాగో ఓర్చుకునేదాన్నిరా," అంది ఆమె. "పది రోజులు నా పక్కనే కూర్చుని, తప్పు ఆయనదేనని నా చేత అనిపించాలని చూశావే!"

ఇంజనీరు రిపోర్టు తెరిచి, నిర్లక్ష్యమన్న మాటను అడ్డంగా కొట్టేశాడు.

ఆమె సంచిలోంచి మాసిన టోపీ తీసి తెర అంచుకు తగిలించింది.

"ఇప్పుడు కనబడుతోందా?"