విమానం పదకొండింటికి దిగుతుంది

అతను పరుగెడుతున్నాడు.

నున్నటి నేల మీద బూట్లు జారుతున్నాయి. అద్దాల అవతల, విమానంలోకి వెళ్లే గొట్టం దారిలో... వాడే!

బావ. చెల్లెలి మొగుడు. చెల్లిని కత్తితో పొడిచి మూడేళ్లు జైల్లో ఉన్నవాడు. బయటికొచ్చింది నిన్ననే.

గేటు చేరేసరికి తలుపు మూసేశారు.

ఆపమని బతిమాలుతున్నాడు. గేటు దగ్గరి అమ్మాయి జాలిగా చూస్తోంది.

"టికెట్టుంది, పాస్‌పోర్టుంది. ఏమని ఆపమంటారు సార్?"

ఏమని చెబుతాడు? ఎక్కడ దాక్కున్నా వెతుక్కుంటూ వస్తానని వాడు కోర్టు మెట్ల మీద చెల్లి చెవిలో అన్నాడు. చెల్లి చెబితేనే తనకు తెలిసింది, వేరే సాక్షి లేడు.

చెల్లి ఉంటున్న ఊరికి వెళ్లే విమానం కదిలింది.

విమానాలకు దారి గీయడం అతని ఉద్యోగం. ఎంత దూరం, ఎంత ఇంధనం, ఎన్ని గంటలు. దీనికీ దారి గీసింది తనే. తొమ్మిది వేల ఎనిమిది వందల కిలోమీటర్లు. వెనకగాలి మంచిది. పదకొండు గంటల ఇరవై నిమిషాలు. పొద్దున్నే సంతకం కూడా పెట్టాడు.

చెల్లి ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ కొట్టాడు. వాడు బయల్దేరాడని, విమానం రేపు పదకొండింటికి దిగుతుందని, ఆలోపే ఇల్లు వదిలేయమని.

సరే అన్నయ్యా, అని జవాబు.

ఆ ఊరి పోలీసులకూ ఫోన్ చేశాడు. చూస్తాం అన్నారు. ఆ గొంతు వింటే వాళ్లు చూస్తారన్న నమ్మకం అతనికి కలగలేదు.

ఆఫీసులోనే కూర్చున్నాడు. పదకొండు గంటల ఇరవై నిమిషాలు గడిచాయి...

విమానం దిగిందని బోర్డు మీద పడింది. సరిగ్గా పదకొండు. గంట ఆగి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావు చిట్టీ?"

"ఇంట్లోనే. రాత్రి డ్యూటీ చేసి ఇప్పుడే వచ్చా. బట్టలు సర్దుకుంటున్నా. పదకొండన్నావుగా, బోలెడు టైముంది."

"ఇప్పుడెంతయింది?"

"ఏడు."



తలెత్తి గోడకేసి చూశాడు. ఆఫీసులో ఉన్నది ఒకే గడియారం. అది ఏ ఊరి టైమూ కాదు, ప్రపంచంలోని విమానాలన్నింటికీ కలిపి ఒకే టైం. ఇరవై రెండేళ్లుగా అదే చూస్తున్నాడు, అదే రాస్తున్నాడు. చెల్లికీ అదే రాశాడు.

ఆ గడియారానికి చెల్లి ఊరు అయిదు గంటలు వెనక!

"చిట్టీ, తప్పు నాదే. వాడు దిగి గంటయింది. ఉన్నపళంగా బయటపడు."

ఫోన్లో కాలింగ్ బెల్ మోగింది.

"అన్నయ్యా... ఎవరో వచ్చారు."

"తియ్యకు. వెనక తలుపు నుంచి పో. పరుగెత్తు."

చెప్పుల్లేని కాళ్ల చప్పుడు. వంటగది. గడియ తీసిన శబ్దం.



"నువ్వా..." అంది చెల్లి. చాలా నెమ్మదిగా.

ఫోన్లో దూరంగా, ముందు తలుపు కొడుతున్న చప్పుడు.

"తలుపు తియ్యమ్మా. పోలీసులం. మీ అన్నయ్య పంపించారు."