ఎనిమిదో ఉత్తరం

"ఈ ఏడు ఉత్తరాలూ రాసిన మహానుభావులు తమరేనా?"

వానలో తడిసి వచ్చిన అమ్మాయి కాగితాలన్నీ నా టేబుల్ మీద పరిచింది. అంత అందమైన అమ్మాయి అంత కోపంగా చూస్తుంటే నేను లేచి నిలబడ్డాను.

"టైప్ చేసింది నేనేనండీ."

"అన్నిటి చివరా ఒకటే లైను. 'వీ విల్ గెట్ బ్యాక్ టు యూ.' కనుక్కుని చెబుతారట. ఎప్పుడండీ?"

మాది ఓడల కంపెనీ. చెప్పడానికి ఇష్టం లేని ప్రతి విషయానికీ ఆ లైనే మా జవాబు. అది లేకపోతే మేనేజరు సంతకం పెట్టడు. మేం వదిలించుకోడానికి రాస్తాం, చదివేవాళ్ళేమో నమ్మి కూర్చుంటారు.

ఆమె అన్న మా ఓడలో వంటవాడు. ఐదు నెలల క్రితం తుఫానులో కనపడకుండా పోయాడు.

"మీ ఉత్తరం వచ్చినప్పుడల్లా అమ్మ అన్నయ్య పక్క దులిపి పరుస్తోంది. 'వాళ్ళేదో కనుక్కుంటున్నారే' అంటుంది. ఉన్నాడో లేడో చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

నాకు తెలుసు. అతన్ని అల లాక్కుపోవడం ఇద్దరు చూశారు. నాలుగో రోజే వెతకడం ఆపేశారు. ఫైలు నా సొరుగులోనే ఉంది. చనిపోయాడని ఒప్పుకుంటే కంపెనీ నష్టపరిహారం కట్టాలి. విషయం బయటికి పొక్కితే నా ఉద్యోగం ఊడుతుందని మేనేజరు ముందే చెప్పాడు.

"కనుక్కుని చెబుతామండీ," అన్నాను. ఛీ, నా నోటికీ అదే అలవాటైపోయింది!

"మీకూ ఓ అమ్మ ఉండే ఉంటుంది," అనేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఎనిమిదో ఉత్తరం చేత్తో రాశాను. "మీ అబ్బాయి ఇక రాడమ్మా. అలకి కొట్టుకుపోవడం చూసినవాళ్ళున్నారు. ఇన్నాళ్ళూ దాచినందుకు క్షమించండి." చివర ఆ లైను పెట్టలేదు. నా సంతకం, నా ఇంటి అడ్రసు పెట్టాను.

వారంలో ఉద్యోగం ఊడింది. అదొక లెక్కా? ఆ ఇంట్లో ఏమైందోనన్న భయమే నన్ను తినేసింది.

నెల తర్వాత ఆమె మా గుమ్మంలో నిలబడింది.

"అమ్మ మూడు రోజులు ముద్ద ముట్టలేదు. నాలుగో రోజు అన్నయ్య పక్క తనే చుట్టేసింది. మిమ్మల్ని తిట్టాలో, మీకు దణ్ణం పెట్టాలో తెలీడం లేదండీ."

"తిట్టండి. అలవాటేగా."

ఏడుస్తూనే నవ్వింది. ఇక ఆగలేకపోయాను. "మిమ్మల్ని రోజూ చూడాలనుంది. మళ్ళీ వస్తారా?"

"'ఎప్పుడో' అనే మాట మీద నాకు నమ్మకం పోయింది. బుధవారం, నాలుగింటికి. అమ్మతో వస్తాను."

బుధవారం నాలుగు కాకముందే తలుపు చప్పుడైంది. వాళ్ళమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నిజం రాసింది నువ్వేనా నాయనా?" అంటూ నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపటి దాకా వదల్లేదు.