ఒకటి లేని లెక్క

మా హాల్లో సముద్రం పెట్టాలని పట్టుబట్టింది నేనే. నూరు లీటర్ల తొట్టి, లీటరుకు ముప్పై అయిదు గ్రాముల ఉప్పు, మొత్తం మూడున్నర కిలోలు. సిరుగుప్పలో ఎవరింట్లోనూ ఉప్పునీళ్ళ చేపలు లేవు.

“కొళాయి రెండు దినాలకోసారి వస్తాంటే ఈమెకు సముద్రం కావాలంట” అని అమ్మ రోజూ సణిగేది.

నెల రోజులు నీళ్ళు తిప్పి, పరీక్షలన్నీ సరిపోయాక బళ్ళారి బస్సెక్కాను. గుంపుగా తిరిగే చేపలు కావాలంటే, చేపల అంగడి పక్కీరప్ప నీలం, ఆకుపచ్చ కలిసి మెరిసే క్రోమిస్ చేపలు చూపించాడు.

“గుంపంటే ప్రేమ అనుకుంటాండావా, అనుపమమ్మా? పెద్దది దాని కిందిదాన్ని కొడతాది. అది ఇంకోదాన్ని. అన్నిటికంటే కిందిది చస్తాది. అప్పుడు దాని పైది కిందిదయితాది.”

“ఎన్నయితే బతుకుతాయన్నా?”

“ఏడు తీస్కో. దెబ్బలు పంచుకుంటాయి.”

పెద్దది పోను ఆరు, తలకు ఆరో వంతు. సరే అనుకున్నాను.

సంచి కడుతూ ఆగాడు. “నీళ్ళలోకి వదిలేటప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టు. మీ నాయన వడ్ల లెక్క ఆడ పెట్టొద్దు.”

“పెడితే ఏమయితాది?”

“ఒకటి అనిపించుకున్నదే పెద్దది. ఆ చోటు ఖాళీగా ఉంటే... ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు.”

దారంతా నవ్వుకున్నాను.

ఇంట్లో చేపల్ని గిన్నెతో వదిలింది నాయన. ముప్పై ఏళ్ళ వడ్ల వ్యాపారం. సేరుతో గింజలు కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. నేను గాలి పంపు సర్దుతుంటే వెనక నుంచి వినబడింది.

“లాభం... రెండు... మూడు...”

ఏడూ దిగాయి. ఏమీ కాలేదు.

మూడో రోజుకు ఏడింటి రెక్కలూ చిరిగాయి. పెద్దది కొడితే పెద్దదాని రెక్కలైనా బాగుండాలి కదా? రెండు గంటలు తొట్టి ముందు కూర్చున్నాను. ఏ చేపా దేన్నీ కొట్టలేదు. ఏడూ కుడి మూలలో ఒకదానికొకటి అంటుకొని, ఖాళీగా ఉన్న ఎడమ మూలనే చూస్తున్నాయి.

మర్నాటికి ఆరు. తర్వాత నాలుగు. రెండు.

పదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండకని కిటికీలు మూసిన హాలు చీకటిగా ఉంది. పంపు ఆగింది. ఆ నిశ్శబ్దంలో, నీళ్ళలో ఏదో నెమ్మదిగా తిరుగుతున్న చప్పుడు... కుళ్ళిన ఉప్పు వాసన. టార్చి వేశాను. చివరి చేప వెల్లకిలా తేలుతోంది. దాని చుట్టూ నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

“అక్కా...” వెనక మా చిన్ను. తొమ్మిదేళ్ళది. ఇంట్లో అందరికంటే చిన్నది. “మేత వేస్తాంటే కొరికింది.”

“ఏది?”

“పెద్దది.”

చిన్ను అరచేతి మీద చంద్రవంకలాంటి గాటు. క్రోమిస్ నోరు బియ్యపు గింజంత. ఈ గాటు నా బొటనవేలంత పొడవుంది.

ఆ సాయంత్రమే నీళ్ళు కాలువలో పారబోశాం. తొట్టిని మిద్దె మీద బోర్లించాను. “ఇంక నిన్నేదీ ముట్టదు. నేనుండాను గదా” అని చిన్నుకు మాటిచ్చాను.

మర్నాడు అన్నం తిని నలుగురం హాల్లో చాపలు పరుచుకున్నాం. చిన్ను చెయ్యి నా చేతిలోనే పెట్టుకొని నిద్రపోయాను.

కళ్ళు తెరిచేసరికి నిలబడి ఉన్నాను.

కుడి మూల. నా వీపు గోడకు ఆని ఉంది. నాయన, అమ్మ, నేను, చిన్ను... భుజానికి భుజం. అందరి చూపూ తొట్టి ఉండిన ఎడమ మూల మీదే. అక్కడ ఎవరూ లేరు. బండలు తడిసి ఉన్నాయి. ఆ తడి... మా వైపు వస్తోంది.

“నాయనా...” అన్నాను.

నాయన ఆ మూలనే చూస్తూ లెక్కపెడుతున్నాడు. తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. “రెండు.”

వేలు అమ్మ వైపు జరిగింది. “మూడు.”

నా వైపు. “నాలుగు.”

వేలు చిన్ను దగ్గర ఆగింది. “ఐదు.”

మేం నలుగురమే.

“అక్కా, తోయొద్దు...” చిన్ను గుసగుసలాడింది.

కిందికి చూశాను. నా చెయ్యి దాని వీపు మీద ఉంది.