బియ్యపు గింజంత సందు

వానలు పట్టుకుని తొమ్మిది రోజులైంది. పొద్దున్నే హైందవి ఫోన్ చేసి, "కేదార్ గారూ, అమ్మ బల్ల లేచిపోయింది. ఒకసారి రండి," అని పెట్టేసింది. బోరబండ నుంచి పంజాగుట్ట దాకా బండి మీద తడుస్తూ వచ్చాడు వడ్రంగి కేదార్.

ఆ బల్ల హైందవి తల్లి నాగేశ్వరిది. అమీర్‌పేటలో ఇరవై ఏళ్లు దాని మీదే జాకెట్ గుడ్డలు కత్తిరించింది. పోయినేడు ఆవిడ కన్నుమూసింది. ఆ టేకు చెక్కలతో వంటగట్టు చేసిపెట్టమని ఎండాకాలంలో కేదార్‌ని పిలిచింది హైందవి. అంచున అమ్మ గీసుకున్న అంగుళాల గీతలు మాత్రం పోకూడదంది. అతను ఆ వైపు చిత్రిక పట్టే రంధా తగలనివ్వలేదు. మూల దగ్గర రెండు చెక్కల్ని అతుకు కనబడకుండా కలిపాడు. రెండు రోజుల పనికి నాలుగు రోజులు పట్టింది. ఎందుకో అతనికి తెలుసు, టీ తెచ్చిన హైందవికీ తెలుసు.

చివరి రోజు గోడ పక్కన అతను బియ్యపు గింజంత సందు వదిలితే, బొద్దింకలు దూరతాయి, గోడకి ఆనించేయమంది హైందవి. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, దానికి చోటు కావాలి. కేదార్‌కి తండ్రి పోచయ్య నేర్పిన మొదటి పాఠమే అది. అయినా తలూపి, చెక్కని గోడకి నెట్టి స్క్రూలు బిగించేశాడు.

ఇప్పుడు మూల అతుకు గోరంత విచ్చుకుంది. ఒక స్క్రూ దగ్గర మొదలైన పగులు ఆ గీతల వైపే పాకుతోంది. హైందవి కళ్లు ఎర్రగా ఉన్నాయి. పాత చెక్క కదా, ఇంతేలే అన్నాడు ఆమె తండ్రి జోగారావు. అవునంటే కేదార్ బయటపడేవాడే.

"చెక్కది తప్పు లేదు సార్, నాదే. సందు ఇడవాలెనని నాకెరుక. మేడమ్ వద్దన్నరు. ఆమె ముందట కాదని చెప్పుడు నాతోని కాలే."

హైందవి తండ్రి ఎదుటే తన మనసంతా చెప్పేశానని కేదార్‌కి అప్పుడు తెలిసొచ్చి, వంగి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

సాయంత్రం దాకా పని చేశాడు. చెక్క కదిలేలా అడుగున స్క్రూ బెజ్జాలు పొడుగ్గా చెక్కాడు, గోడ వైపు అంచు రంధా పట్టి సందు వదిలాడు, పగుల్లో జిగురు నింపాడు, అతుకు మళ్లీ కలిపాడు. సందు కనబడకుండా పైన గోడకి టైల్ ముక్కలు అంటించాడు. పగులు గీతలకి అంగుళం ఇవతలే ఆగిపోయింది.

జోగారావు అతుకు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "మా అమ్మాయికి కాదని చెప్పడం నేర్చుకో బాబూ. నావల్ల ఇప్పటికీ కాలేదు," అని హాల్లోకి వెళ్లిపోయాడు.

హైందవి గీతల మీది పొట్టు కొంగుతో తుడిచింది.

"నేనొకటి అడుగుతాను. ఇష్టం లేకపోతే కాదని చెప్పాలి. ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకొస్తారా?"

కేదార్ చేతిలోని రంధా గట్టు మీద పెట్టాడు.

"గిదైతే కాదనను, హైందవీ," అన్నాడు. మేడమ్ అనడం ఆరోజుతో మానేశాడు.